బత్తాయి తోటలో ఉండే నాయన కోసం పాటలు, ఫొటోలు, వీడియోలు ఒకేచోట ఉండే చిన్న ప్లేయర్ ఏది?

తోట_దారి
మా నాయన దేవరకొండ దగ్గరి మా బత్తాయి తోటలోనే పగలంతా ఉంటారు, కాపు మీద ఉన్న నెలల్లో రాత్రి కూడా అక్కడి గుడిసెలోనే పడుకుంటారు. స్మార్ట్‌ఫోన్ కొనిస్తే వాడటం ఇష్టం లేక తిరిగి నా చేతికే ఇచ్చారు. వేలు తగిలితే చాలు ఏదో ఒకటి తెరుచుకుంటుందని, బ్యాంకు పేరు చెప్పి ఎవరెవరో ఫోన్ చేస్తారని ఆయన ఫిర్యాదు. మాట్లాడుకోవడానికి ఆయన దగ్గర వేరే చిన్న ఫోన్ ఉంది. ఇప్పుడు ఆయనకు కావలసింది ఒగ్గు కథలు, భజనలు, పాత సినిమా పాటలు వినడం, పుణెలో ఉన్న మనవల ఫొటోలు చూసుకోవడం, మా చెల్లె పెళ్లి వీడియో అప్పుడప్పుడు పెట్టుకోవడం. ఇవన్నీ ఒకే పరికరంలో ఉండాలి, అది చొక్కా జేబులో పట్టాలి, బటన్లు ఉండాలి, ఇయర్‌ఫోన్ లేకుండా కూడా వినిపించాలి.

ఆన్‌లైన్‌లో వెతికితే ఒకే బొమ్మతో పది పేర్ల మీద ప్లేయర్లు కనిపిస్తున్నాయి. ఒకదాని మీద 128 జీబీ కార్డు పడుతుందని, మరొకదాని మీద హైఫై అని, ఇంకొకదాని మీద వీడియో ఆడుతుందని రాసి ఉంది. ఐదు వేల లోపు వీటిలో ఏది నమ్మదగినదో, కొనే ముందు ఏమేమి చూసుకోవాలో వాడినవారు చెప్పగలరా?

సూర్యాపేట_సుధ
ప్లేయర్ కోసం ఐదు వేలు పెట్టడం దండగ అని నా అభిప్రాయం. ఇంట్లో మూలన పడి ఉన్న పాత స్మార్ట్‌ఫోన్‌లో సిమ్ తీసేసి, ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మొదటి పేజీలో పాటల గుర్తు, ఫొటోల గుర్తు తప్ప మిగిలినవన్నీ తొలగిస్తే మీరు అడిగినవన్నీ అందులోనే వస్తాయి. తెర పెద్దది కాబట్టి మనవల ముఖాలు స్పష్టంగా కనిపిస్తాయి. సిమ్ లేని ఫోన్‌కు బ్యాంకు పేరుతో ఎవరూ ఫోన్ చేయలేరు.

చిట్యాల_చిన్నోడు
మా పెదనాన్నకు ఇదే ఏర్పాటు చేశాం. ఫోన్ పైన విమానం గుర్తు ఎందుకు వెలుగుతోందని ఆయన అడిగితే, శంషాబాద్ దగ్గరలోనే ఉంది కదా అని మా తమ్ముడు సమాధానం చెప్పాడు. ఆయన ఇప్పటికీ అదే నమ్ముతున్నారు.

గద్వాల_మగ్గం
సుధక్క చెప్పిన పద్ధతి ఒకచోట కూర్చుని చూసేవారికి సరిపోతుంది గానీ, పని చేసుకుంటూ వినేవారికి సరిపోదు. నేను మగ్గం గుంటలో కూర్చున్నప్పుడు కాళ్లు తొక్కుడు కర్రల మీద ఉంటాయి, ఒక చెయ్యి పలక మీద, ఇంకో చెయ్యి నాడె తాడు మీద ఉంటుంది. పాట మార్చాలంటే ఫోన్ తీసి, తెర వెలిగించి, తాళం జరిపి, గుర్తు వెతుక్కోవాలి, అంతలో అంచు దగ్గర పోగు తెగినా చూసుకోలేం. జేబులో చెయ్యి పెట్టి తడిమితే తగిలే బటన్ విలువ అప్పుడు తెలుస్తుంది. తోటలో మందు కొట్టిన చేతులతో, తడి చేతులతో తెర తాకితే అది పలకదని తోట_దారి నాయనగారికి అనుభవమే అయి ఉంటుంది.

పాత_వైర్లు
ఆ ధరలో దొరికేవి చాలావరకు ఒకే కుటుంబానికి చెందినవి కాబట్టి బొమ్మలు ఒకేలా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. చైనాలో ఒకరు తయారు చేసిన బోర్డుకు పది మంది పది పేర్లు అతికించి అమ్ముతారు. అందువల్ల పేరును బట్టి ఎంచుకోవడం కుదరదు, లోపల ఏ రకం ఫైళ్లు ఆడతాయో దాన్ని బట్టి ఎంచుకోవాలి.

పాటలతో చిక్కు లేదు, ఎంపీ3 అన్నింటిలోనూ ఆడుతుంది. చిక్కంతా వీడియోతోనే. పెట్టె మీద ఎంపీ4 అని పెద్ద అక్షరాల్లో రాసి ఉన్నా, మన ఫోన్‌లో తీసిన ఎంపీ4 వీడియోను నేరుగా ఎక్కిస్తే వీటిలో చాలా వాటిలో అది తెరుచుకోదు. తెర 1.8 నుంచి 2.4 అంగుళాలు ఉంటుంది, పిక్సెళ్లు 160×128 గానీ 320×240 గానీ ఉంటాయి. 2005లో ఆపిల్ వీడియో ఆడే ఐపాడ్‌ను తెచ్చినప్పుడు దాని 2.5 అంగుళాల తెర మీద ఉన్నవి కూడా 320×240 పిక్సెళ్లే, అంటే చౌక రకం ప్లేయర్ల తెర ఇప్పటికీ అక్కడే ఆగిపోయింది. ఫోన్ వీడియో 1920×1080లో ఉంటుంది. దాన్ని విప్పి చూపించే శక్తి ఈ చిన్న చిప్‌కు లేదు కాబట్టి, ముందుగా కంప్యూటర్‌లో ఏఎంవీ లేదా ఏవీఐ రూపంలోకి, ఆ తెర కొలతకు తగినట్టు మార్చి ఎక్కించాలి. ఆ మార్పిడి చేసిపెట్టే మనిషి ఇంట్లో లేకపోతే వీడియో ఉన్న ప్లేయర్ కొన్నా, లేని ప్లేయర్ కొన్నా ఒకటే.

ఫొటోల సంగతి కూడా ఇలాంటిదే. ఐఫోన్‌లో తీసినవి హెచ్‌ఈఐసీ రూపంలో ఉంటే తెరుచుకోవు, జేపీజీలోకి మార్చాలి. జేపీజీల్లోనూ ప్రోగ్రెసివ్ రకం (ముందు మసకగా కనిపించి తరువాత స్పష్టమయ్యేది) కొన్నింటిలో తెరుచుకోదు. ఫోన్‌ను నిలువుగా పట్టుకుని తీసిన ఫొటోలు చాలాసార్లు అడ్డంగా పడుకుని కనిపిస్తాయి, ఎందుకంటే ఫొటోను ఎటు తిప్పి చూపించాలో చెప్పే సమాచారాన్ని ఈ ప్లేయర్లు చదవవు. కంప్యూటర్‌లో ఫొటోను తిప్పి, వెడల్పు 800 పిక్సెళ్లకు కుదించి భద్రం చేసి ఎక్కిస్తే నిలువుగానూ కనిపిస్తుంది, త్వరగానూ తెరుచుకుంటుంది. పెద్ద ఫొటోను అలాగే ఎక్కిస్తే పై నుంచి కింది వరకు తెర నిండే లోపల చూసేవారికి విసుగు వస్తుంది.

తోట_దారి
పాత_వైర్లు గారు, మార్పిడి పని నేను చేసిపెట్టగలను, నెలకోసారి ఊరికి వెళ్తాను. కానీ నేను వెళ్లినప్పుడే కొత్త ఫొటోలు ఎక్కుతాయన్నమాట. దానికి నాయనకు అభ్యంతరం ఉండదు.

పాలమూరు_బస్సు
పాత ఐపాడ్ గురించి ఎవరూ మాట్లాడకపోవడం ఆశ్చర్యంగా ఉంది. మా మామ దగ్గర 160 జీబీ ఐపాడ్ క్లాసిక్ ఉంది, ఆయన ముంబైలో పనికి వెళ్లిన కాలంలో కొనుక్కున్నది. చక్రం మీద వేలు తిప్పితే వేల పాటల్లోంచి కావలసిన పాట దగ్గరికి చేరుకోవచ్చు, ఫొటోలు ఉంటాయి, వీడియో ఆడుతుంది. సెకండ్ హ్యాండ్‌లో దొరికితే తీసుకోవచ్చు కదా.

పాత_వైర్లు
చక్రం విషయంలో మీ మామగారితో నేను ఏకీభవిస్తాను, ఆ ఏర్పాటును మించినది తరువాత రాలేదు. అయితే ఐపాడ్ క్లాసిక్ అమ్మకం 2014లోనే ఆగిపోయింది, ఐపాడ్ టచ్ కూడా 2022 మేలో ఆగిపోయింది. కాబట్టి ఇప్పుడు దొరికేవన్నీ వాడినవే, వాటి బ్యాటరీ సగం ప్రాణంతోనే ఉంటుంది. క్లాసిక్ లోపల ఉన్నది తిరిగే హార్డ్ డిస్క్, తోటలో కింద పడితే అది తట్టుకోవడం కష్టం. కొందరు ఆ డిస్క్ తీసేసి మెమరీ కార్డు పెట్టే అడాప్టర్ బిగించి, కొత్త బ్యాటరీ వేసి, మళ్లీ పదేళ్లకు సరిపడేలా చేసుకుంటున్నారు గానీ, అది ఇష్టంతో చేసుకునే పని, నాయన కోసం సులభంగా ఉండాలని కొనే వస్తువు కాదు.

ఇంకొక ఇబ్బంది ఏమిటంటే, కంప్యూటర్‌కు కలిపి పాటల ఫోల్డర్‌ను అందులో వేస్తే ఐపాడ్‌కు అవి కనిపించవు. ఐట్యూన్స్ వంటి ప్రత్యేక సాఫ్ట్‌వేర్ ద్వారా ఎక్కించాలి. రాక్‌బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుంటే ఆ బంధనం తొలగి ఫోల్డర్ల వారీగా పాటలు పెట్టుకోవచ్చు. 2001లో ఆర్కోస్ ప్లేయర్ల కోసం మొదలైన రాక్‌బాక్స్ తరువాత ఐపాడ్లకు, సాన్‌డిస్క్ సాన్సాలకు కూడా వచ్చింది.

సూర్యాపేట_సుధ
చూశారా, తిరిగి తిరిగి కంప్యూటర్, మార్పిడి, అడాప్టర్ అని చర్చ సాగుతోంది. పాత ఫోన్‌లో అయితే వీడియో ఉన్నది ఉన్నట్టే ఆడుతుంది.

నల్లమల_బాటసారి
సుధ గారి మాటలో న్యాయం ఉంది గానీ, ఫోన్ అనగానే చాలామంది పాటల యాప్ మీద ఆధారపడతారు, తోటలో అది కుదరదు. నేను తరచుగా మన్ననూరు నుంచి శ్రీశైలం వైపు అడవి దారిలో బండి నడుపుతాను. చెక్‌పోస్టు దాటిన తరువాత సిగ్నల్ పోతే మళ్లీ ఎప్పుడు వస్తుందో చెప్పలేం. డౌన్‌లోడ్ చేసుకున్న పాటలు కదా అనుకున్నా, స్పాటిఫై వంటి యాప్‌లను 30 రోజులకు ఒకసారైనా నెట్‌కు కలపకపోతే అవి తెరుచుకోవు. ఎంపీ3 ఫైలుగా కార్డులో ఉన్న పాటకు అలాంటి గడువు ఉండదు. కాబట్టి ఫోన్ ఇచ్చినా, ప్లేయర్ ఇచ్చినా, పాటలు కార్డులో ఫైళ్లుగా ఉండేలా చూసుకోండి.

వనపర్తి_వాణి
ఒగ్గు కథ అన్నారు కాబట్టి ఒక ముఖ్యమైన విషయం అడుగుతున్నాను. ఒక్కో కథ గంటకు మించి ఒకే ఫైలుగా ఉంటుంది కదా? సగంలో ఆపి, మరునాడు మళ్లీ పెడితే ఆపిన చోటు నుంచే మొదలయ్యే సౌకర్యం ఉందో లేదో తప్పక చూడండి. మా అత్తమ్మ కోసం తెచ్చినదానిలో ఆ సౌకర్యం లేదు. ఆమె ప్రతిరోజూ కథను మొదటి నుంచే వింటారు, గణపతి ప్రార్థన ఇంటిల్లిపాదికీ కంఠస్థం అయింది, కథ చివర ఏమైందో మాత్రం ఎవరికీ తెలియదు.

గద్వాల_మగ్గం
వాణి గారు చెప్పినదానికి చిన్న ఉపాయం ఉంది. గంట ఫైలును పది పది నిమిషాల ముక్కలుగా కోసి, 001, 002 అని అంకెలతో పేర్లు పెట్టి ఒక ఫోల్డర్‌లో వేయండి. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కోయవచ్చు. ఎక్కడ ఆగామో నంబర్ గుర్తుంటే చాలు.

వనపర్తి_వాణి
అంకెలు పెట్టినా మా ప్లేయర్ 003 తరువాత 001 ఆడుతుంది.

పాత_వైర్లు
అది ప్లేయర్ పాడైనందువల్ల కాదు. చౌక ప్లేయర్లలో చాలావరకు పేరు వరుసను పట్టించుకోవు, కార్డులోకి ఏ ఫైలు ముందు చేరిందో ఆ వరుసలోనే ఆడతాయి. ఫోల్డర్‌లో అన్నీ ఎంపిక చేసి ఒకేసారి కాపీ చేస్తే కంప్యూటర్ తనకు తోచిన వరుసలో పంపవచ్చు. కార్డులోని ఆ ఫోల్డర్‌ను పూర్తిగా తుడిచి, ఫైళ్లను పేరు వరుసలో ఒక్కొక్కటిగా కాపీ చేసి చూడండి, లేదా ఫ్యాట్‌సార్ట్ వంటి చిన్న ప్రోగ్రాంతో కార్డు లోపలి వరుసను సరిచేయండి. తుడవకుండా మధ్యలో కొత్తవి చేరిస్తే, పాత ఫైలు ఖాళీ చేసిన స్థలంలోకి కొత్తది వెళ్లి కూర్చుంటుంది, మళ్లీ వరుస తప్పుతుంది.

ఇదే సందర్భంలో పేర్ల గురించి కూడా చెప్పాలి. తెలుగు లిపిలో పేరు పెడితే వీటిలో చాలా వాటిలో డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తుంది, ఒత్తులూ గుణింతాలూ చూపించే ఏర్పాటు వాటిలో ఉండదు. ఫైలు పేర్లు అంకెలతోనూ ఇంగ్లీషు అక్షరాలతోనూ పెట్టుకోవడమే క్షేమం.

తోట_దారి
నాయనకు ఇంగ్లీషు చదవడం రాదు. అంకెలు మాత్రం చదువుతారు.

గద్వాల_మగ్గం
అయితే అంకెలే పెట్టండి. 1 అనే ఫోల్డర్‌లో భజనలు, 2లో ఒగ్గు కథలు, 3లో పాటలు, 4లో ఫొటోలు. ఒక అట్టముక్క మీద తెలుగులో రాసి వెనక అతికించండి. మా మగ్గాల దగ్గర అందరూ అలాగే చేసుకున్నారు.

మిర్యాలగూడ_మిల్లు
ఇప్పటివరకు ఎవరూ శబ్దం గురించి మాట్లాడలేదు. మా రైస్ మిల్లులో యంత్రాలు నడుస్తున్నప్పుడు చిన్న ప్లేయర్ స్పీకర్ ఏమాత్రం వినిపించదు, తోటలో కూడా మోటారు దగ్గర అదే పరిస్థితి. అప్పుడు ఇయర్‌ఫోన్ పెట్టుకుని శబ్దం చివరి గీత వరకు పెంచుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ వద్ద వారానికి 40 గంటల వరకు వినవచ్చు, అదే 90 డెసిబెల్స్ అయితే వారానికి నాలుగు గంటలే. ముసలివారు సరిగ్గా వినిపించక పెంచుతున్నారో, బయటి హోరు వల్ల పెంచుతున్నారో గమనించాలి. స్పీకర్ గట్టిగా ఉన్నదే కొనమని నా సలహా, దాని ముందు హైఫై, లాస్‌లెస్ (నాణ్యత ఏమీ తగ్గించకుండా దాచిన పాట) వంటి మాటలు దేనికీ పనికిరావు.

పాలమూరు_బస్సు
లాస్‌లెస్ పనికిరాదనడం అన్యాయం. లాస్‌లెస్ రకం ఫైలు అయిన ఎఫ్‌ఎల్‌ఏసీలో వింటే తబలా దెబ్బ వేరుగా తెలుస్తుంది.

మిర్యాలగూడ_మిల్లు
మంచి ఇయర్‌ఫోన్‌తో, నిశ్శబ్దమైన గదిలో, మంచి రికార్డింగ్ అయితే తెలుస్తుంది. క్యాసెట్ నుంచి ఎక్కించిన ఒగ్గు కథను ఎఫ్‌ఎల్‌ఏసీలో పెడితే క్యాసెట్ సరసరలే ఇంకా శుద్ధంగా వినిపిస్తాయి.

చిట్యాల_చిన్నోడు
ఈ మాటను మా ఇంట్లో గోడ మీద రాయించాలి.

జడ్చర్ల_దుకాణం
నేను ఫోన్లు, వాటి సామాన్లు అమ్మే చిన్న దుకాణం నడుపుతున్నాను కాబట్టి నా మాటలో వ్యాపారం ఉందని అనుకుంటే అనుకోండి. తోట_దారి తమ్ముడు అడిగిన లక్షణాలన్నీ చదివాక నాకు తోచింది ఒక్కటే, సిమ్ వేయని కీప్యాడ్ ఫోన్. రెండు వేల లోపలే వస్తుంది. బటన్లు ఉంటాయి, మెమరీ కార్డు పడుతుంది, ఎంపీ3 ఆడుతుంది, ఫొటోలు కనిపిస్తాయి, 2.4 లేదా 2.8 అంగుళాల తెర మీద చిన్న వీడియోలు కూడా ఆడతాయి, వెనక స్పీకర్ ప్లేయర్ల కంటే గట్టిగా ఉంటుంది, పైన టార్చి ఉంటుంది. చాలా మోడళ్లలో బ్యాటరీ విప్పి మార్చుకోవచ్చు. రెండేళ్ల తరువాత అది ఉబ్బినా, బలహీనపడినా కొత్తది ఏ మండల కేంద్రంలోనైనా దొరుకుతుంది. ప్లేయర్లలో అయితే బ్యాటరీని లోపల అతికించి ఉంచుతారు, అది పోతే వస్తువే పోయినట్టు.

పైగా నాయనగారి దగ్గర ఇప్పటికే అలాంటి చిన్న ఫోన్ ఉందని రాశారు. ఆ బటన్లు ఆయన వేళ్లకు అలవాటే, కొత్తగా నేర్పవలసింది ఏమీ ఉండదు. ముందు ఆ ఫోన్‌లోనే కార్డు పెట్టే చోటు ఉందో లేదో చూడండి.

సూర్యాపేట_సుధ
ఇది నాకూ నచ్చింది. కానీ 2.4 అంగుళాల తెర మీద పెళ్లి వీడియో చూస్తే తలంబ్రాలు పోస్తున్నది పెళ్లికొడుకో పంతులో తెలుస్తుందా?

జడ్చర్ల_దుకాణం
తెలియదు. దగ్గరగా తీసిన దృశ్యాలు ఏరి, రెండు మూడు నిమిషాల ముక్కలుగా పెడితే ముఖాలు తెలుస్తాయి. పూర్తి వీడియో చూడాలంటే ఇంట్లో టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టి చూడటమే మర్యాద.

పాత_వైర్లు
దుకాణం అన్నతో ఏకీభవిస్తున్నాను, అయితే కొన్ని హెచ్చరికలు ఉన్నాయి. కీప్యాడ్ ఫోన్లలో చాలా వాటికి 32 జీబీ వరకే కార్డు పడుతుంది. అది చాలు. 128 కేబీపీఎస్ ఎంపీ3 నిమిషానికి దాదాపు ఒక ఎంబీ తీసుకుంటుంది, ఐదు నిమిషాల పాటలు ఆరు వేలకు పైగా పడతాయి, అవన్నీ ఒక్కసారి వినడానికే మూడు వారాలు రాత్రింబగళ్లు కూర్చోవాలి. 320×240లో పెట్టిన వీడియో గంటకు సుమారు 200 ఎంబీ అవుతుంది. కాబట్టి 128 జీబీ అని రాసినవాటి వెంట పడవలసిన అవసరం లేదు. కార్డులో ఫైళ్లను అమర్చే పద్ధతులు వేరువేరుగా ఉంటాయి: పెద్ద కార్డులు ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో వస్తాయి, చిన్న పరికరాలు చాలావరకు ఫ్యాట్32నే చదువుతాయి. ఫ్యాట్32లో ఒక ఫైలు 4 జీబీకి మించకూడదు, పెళ్లి వీడియోను మార్చకుండా ఎక్కించాలనుకునేవారికి అక్కడే ఆగిపోతుంది.

కార్డును మాత్రం నమ్మకమైన చోట కొనండి. సగం ధరకు వచ్చే కార్డుల్లో కొన్ని 64 జీబీ అని కంప్యూటర్‌కు అబద్ధం చెబుతాయి, లోపల ఉన్నది 8 జీబీయే. మొదటి 8 జీబీ వరకు పాటలు బాగానే ఆడతాయి, తరువాత ఎక్కించినవి పేర్లు కనిపించి లోపల ఖాళీగా ఉంటాయి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాం కార్డు నిండా రాసి, తిరిగి చదివి, నిజం చెబుతుంది. కొత్త కార్డు రాగానే పాటలు ఎక్కించే ముందే ఆ పరీక్ష చేయండి, ఎక్కించిన తరువాత చేస్తే ఖాళీ ఉన్న భాగాన్నే పరీక్షిస్తుంది.

వనపర్తి_వాణి
పాటలు ఎక్కించి ఇచ్చే దుకాణాలు ప్రతి బస్టాండ్ దగ్గర ఉన్నాయి కదా, అక్కడ ఎక్కించుకుంటే సరిపోదా?

జడ్చర్ల_దుకాణం
మా ఊళ్లో ఉన్న ఆ పని గురించి మొగమాటం లేకుండా చెబుతాను. వారు ఇచ్చేది అందరికీ ఒకే మూట, అందులో ఒకే పాట నాలుగు చోట్ల ఉంటుంది, హక్కుల సంగతి ఎవరూ అడగరు, ఒక్కోసారి కార్డుతో పాటు వైరస్ కూడా ఇంటికి వస్తుంది. ఇంకా చికాకు ఏమిటంటే, ఆ పాటలు దింపుకున్న వెబ్‌సైట్ పేరు ప్రతి ఫైలు లోపల ఆల్బం పేరుగా, గాయకుడి పేరుగా రాసి ఉంటుంది. గాయకుల జాబితా తెరిస్తే ఒకే గాయకుడు రెండు వేల పాటలు పాడినట్టు కనిపిస్తుంది. ఎంపీ3ట్యాగ్ అనే ఉచిత ప్రోగ్రాంతో ఆ పేర్లన్నీ ఒకేసారి తుడవవచ్చు.

చిట్యాల_చిన్నోడు
ఆ గాయకుడికి మా కార్డులో యుగళగీతాలు కూడా ఉన్నాయి.

నల్లమల_బాటసారి
రేడియో గురించి ఒక మాట. నాయనగారు ఆకాశవాణిలో వ్యవసాయ కార్యక్రమాలు వినేవారైతే, ఈ ప్లేయర్లలోనూ కీప్యాడ్ ఫోన్లలోనూ ఉన్నది ఎఫ్‌ఎం మాత్రమే. హైదరాబాద్ ఏ కేంద్రం 738 కిలోహెర్ట్జ్ మీడియం వేవ్ మీద వస్తుంది, అది వీటిలో దొరకదు. ఎఫ్‌ఎంకు కూడా చాలా మోడళ్లలో ఇయర్‌ఫోన్ తీగే యాంటెనా కాబట్టి, తీగ పెట్టకపోతే స్టేషన్లు అందవు.

తోట_దారి
రేడియో సెట్ వేరుగా ఉంది, గుడిసె దూలానికి వేలాడుతూ ఉంటుంది. దాని జోలికి వెళ్లను.

దుకాణం అన్న చెప్పినట్టు నిన్న నాయన ఫోన్ విప్పి చూశాను, అందులో కార్డు పెట్టే చోటు లేదు. కాబట్టి కార్డు పడే కీప్యాడ్ ఫోన్ ఒకటి సిమ్ లేకుండా తీసుకుంటాను. మిగిలిన డబ్బు పెట్టి పెళ్లి వీడియో కోసం ఇంట్లో ఏదైనా ఏర్పాటు చేయవచ్చా?

సూర్యాపేట_సుధ
నేను మొదట చెప్పిన పాత ఫోన్‌ను ఇంట్లో ఉంచండి, లేదా డబ్బు కలిపి డిజిటల్ ఫొటో ఫ్రేమ్ కొనండి. పెన్‌డ్రైవ్ పెడితే ఫొటోలు వాటంతట అవే మారుతూ ఉంటాయి, అమ్మ కూడా చూస్తారు. ఫొటోలు మనవలవి అయినప్పుడు వాటిని నాయన ఒక్కరే తోటలో చూసుకోవాలనడం ఎందుకో నాకు అర్థం కాలేదు.

పాలమూరు_బస్సు
సోనీ వాక్‌మన్ ఎన్‌డబ్ల్యూ-ఏ306 వంటిది తీసుకుంటే అన్నీ ఒకదానిలోనే వస్తాయి, ఆండ్రాయిడ్ ఉంటుంది, పక్కన బటన్లు కూడా ఉంటాయి.

గద్వాల_మగ్గం
దాని ధర ఇరవై వేలు దాటుతుంది, పైగా అందులో బయటికి వినిపించే స్పీకర్ లేదు. బత్తాయి ధర పడిపోయిన సంవత్సరం అంత డబ్బు జేబులో పెట్టుకుని తిరగమని నాయనగారికి ఎవరు చెబుతారు?

పాత_వైర్లు
చార్జింగ్ గురించి చెప్పడం మరిచాం. చౌక పరికరాలకు టైప్-సీ సాకెట్ ఉన్నా, రెండు వైపులా టైప్-సీ ఉన్న కేబుల్ పెడితే కొన్ని చార్జ్ కావు. చార్జర్‌కు ఎదుట పరికరం ఉందని తెలియజేసే రెండు చిన్న రెసిస్టర్లను ఖర్చు తగ్గించడానికి తయారీదారులు పెట్టకపోవడమే కారణం. వస్తువు పాడైందని తిప్పి పంపకండి, ఒక వైపు పాత యూఎస్‌బీ ఉన్న కేబుల్ వాడితే చార్జ్ అవుతుంది. మన జిల్లాలో మే నెలలో 44, 45 డిగ్రీలు ఉన్నప్పుడు రేకుల షెడ్డులోనో, ట్రాక్టర్ డబ్బాలోనో ఉంచి చార్జింగ్ పెట్టవద్దు. లిథియం బ్యాటరీ సాధారణంగా 45 డిగ్రీల లోపే చార్జ్ కావాలి. మధ్యాహ్నం ఆపి, తెల్లవారుజామున పెట్టుకోమనండి.

తోట_దారి
చివరిగా ఒక సందేహం. కీప్యాడ్ ఫోన్ జేబులో ఉన్నప్పుడు బటన్లు నొక్కుకుపోయి పాట మారిపోతుంది. తాళం వేస్తే పాట ఆగుతుందా?

జడ్చర్ల_దుకాణం
పాట ఆగదు, ఆడుతూనే ఉంటుంది. కాకపోతే తాళం ఉన్నంతసేపు శబ్దం పెంచడానికి, తగ్గించడానికి కూడా చాలా మోడళ్లలో వీలు కాదు, ముందు తాళం తీయాలి. దుకాణంలోనే కార్డు వేసి, పాట పెట్టి, తాళం వేసి, జేబులో ఉంచుకుని పక్క బటన్లు పని చేస్తున్నాయో లేదో చూసి తీసుకోండి. చూడనివ్వని దుకాణం అయితే పక్క దుకాణానికి వెళ్లండి.

గద్వాల_మగ్గం
వస్తూ వస్తూ మెడలో వేసుకునే తాడు పెట్టుకోవడానికి మూలన రంధ్రం ఉందో లేదో కూడా చూడండి. బత్తాయి పాదుల్లో నీళ్లు పారుతున్నప్పుడు వంగితే పై జేబులోంచి మొదట పడేది అదే.